రోబో చేప తోక ఆడిస్తుంది, ముందుకు ఎందుకు పోదు?

ప్రయోగశాలలో కొత్తగా తయారైన రోబో చేపను మొదటిసారి తొట్టిలో వదిలినప్పుడు చాలావరకు జరిగేది ఇదే. తోక ఎడమకు కొడుతుంది. ఆ దెబ్బకు తల కూడా ఎడమకే వాలుతుంది, నడుం కుడికి జరుగుతుంది. మరుక్షణం అంతా తారుమారు. మోటార్లు వేడెక్కుతాయి, బ్యాటరీ దిగిపోతుంది, తొట్టి నిండా అలలు లేస్తాయి. చేప మాత్రం ఉన్నచోటే ఊగుతుంది.

తోక ఆడించడం తేలిక. అందుకు ఖర్చుపెట్టిన శక్తి పక్కలకు చెదిరిపోకుండా నీటిని వెనక్కి నెట్టేలా చూడడమే కష్టం. రోబో చేప వార్తల్లో తరచూ వినిపించే "ప్రొపెల్లర్ కన్నా సమర్థం", "అచ్చం చేపలాగే ఈదుతుంది" వంటి మాటల్లో నిజమెంతో తేల్చుకోవాలన్నా ఒకే ప్రశ్న పట్టుకుని వెళ్లాలి: మోటారు ఇచ్చిన శక్తి ఎటు పోయింది?

## అనుకరణ, ప్రేరణ ఒకటి కావు

చేప ఆకారాన్నీ కదలికనూ వీలైనంత దగ్గరగా తీసుకురావడం అనుకరణ. చేప ఈతలో పనిచేసే సూత్రాన్ని మాత్రం తీసుకుని మనకు దొరికే మోటార్లతో, పదార్థాలతో దాన్ని సాధించడం ప్రేరణ. చూపరులను ఆకట్టుకునేది మొదటిది. ఇంజనీరుకు ఎక్కువగా పనికొచ్చేది రెండోది.

1994లో ఎంఐటీలో తయారైన రోబోట్యూనా అనుకరణకు దగ్గరగా ఉంటుంది. సుమారు 1.2 మీటర్ల పొడవు, ట్యూనా చేప ఆకారం, లోపల పక్కటెముకల్లాంటి నిర్మాణం. అది స్వేచ్ఛగా ఈదలేదు. తొట్టి పైన పట్టాల మీద కదిలే బండికి ఒక నిలువు కడ్డీతో వేలాడుతూ ఈదింది. దీన్ని లోపమనుకోకూడదు. బలాలను కొలవాలంటే చేపను దేనికో ఒకదానికి బిగించి ఉంచడమే మంచి పద్ధతి. 2018లో అదే సంస్థ చూపిన సోఫీ ఇంకో దారి పట్టింది. మెత్తటి సిలికోన్ తోకలోని రెండు గదుల్లోకి పంపు నీటిని అటూ ఇటూ తోస్తుంది. ఫిజీ దగ్గరి పగడపు దిబ్బల మధ్య, 18 మీటర్ల లోతు వరకు అది తీగ లేకుండా ఈదింది. 2019లో వర్జీనియా, హార్వర్డ్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు వెల్లడించిన ట్యూనాబాట్ దాదాపు పాతిక సెంటీమీటర్లే ఉంటుంది. దాని తోక సెకనుకు 15 సార్ల వరకు కొట్టగలదు. మూడూ రోబో చేపలే, కానీ ఒకటి బలాలను కొలవడానికి, ఒకటి జలచరాలను దగ్గరగా గమనించడానికి, ఒకటి వేగాన్ని అర్థం చేసుకోవడానికి పుట్టినవి. ఏ ప్రశ్న కోసం కడుతున్నారో తేలకుండా "ఏది మెరుగు?" అని అడిగితే జవాబు దొరకదు.

## ఒంట్లో ఎంత భాగం ఊగుతుంది?

మలుగుపాము (ఈల్ చేప) తల దగ్గర నుంచి తోక దాకా మెలికలు తిరుగుతూ ఈదుతుంది. మనకు అలవాటైన చేపల్లో చాలావాటికి ఒంట్లో వెనక సగమో మూడో వంతో ఊగుతుంది. ట్యూనాలో సన్నటి తోక మొదలు, చంద్రవంక లాంటి తోక రెక్క మాత్రమే గట్టిగా ఆడతాయి, ముందు భాగం దాదాపు బిగుసుకుని ఉంటుంది. టేకు చేపల సంగతి పూర్తిగా వేరు, వాటికి పక్క రెక్కలే ప్రధానం.

కట్టేవారికి ఈ తేడా నేరుగా డబ్బాల లెక్కలోకి వస్తుంది. బ్యాటరీ, కంట్రోలర్, సెన్సర్లు పెట్టడానికి ఊగని, నీరు చొరని గది ఒకటి కావాలి. మలుగుపాము పద్ధతిలో అలాంటి గది దొరకదు, ప్రతి ముక్కనూ విడిగా సీల్ చేయాలి. ట్యూనా పద్ధతిలో గది పెద్దదే, కానీ చిన్న తోకను చాలా వేగంగా కొట్టించగల మోటారు కావాలి. మొదటి ప్రయత్నంగా కట్టేవారు ఎక్కువగా నడిమి దారి పడతారు: ముందు సగం గట్టి పెట్టె, వెనక సగం రెండు మూడు కీళ్ల తోక.

## నీటిని వెనక్కి తోసేది అల

తోకను తలుపులా ఒకే కీలు మీద అటూ ఇటూ తిప్పితే అది ఎక్కువ నీటిని పక్కలకే తోస్తుంది. చేప ఒంట్లో జరిగేది అది కాదు. ఒక వంపు ముందు నుంచి వెనక్కి ప్రయాణిస్తుంది, తోక దగ్గరికి వచ్చేసరికి పెద్దదవుతుంది. ఆ అల వెనక్కి పోయే వేగం చేప ముందుకు పోయే వేగం కన్నా ఎక్కువ ఉంటేనే నీరు వెనక్కి తోయబడుతుంది.

ఫలితం సుడుల్లో కనిపిస్తుంది. పారే నీటిలో కర్ర పాతితే దాని వెనక ఎడమొకటి కుడొకటిగా సుడులు పుడతాయి, వాటి మధ్య నీరు మందగిస్తుంది. కర్ర మీద పడే నిరోధానికి అది గుర్తు. చక్కగా ఈదే చేప వెనక కూడా అలాంటి వరుసే ఉంటుంది గానీ సుడులు తిరిగే దిశ తలకిందులు. అందుకే వాటి మధ్య నుంచి నీటిధార వెనక్కి దూసుకుపోతుంది.

ఈత ఎంత కుదిరిందో చెప్పే కొలత ఒకటుంది, స్ట్రూహల్ సంఖ్య. సెకనుకు తోక ఎన్నిసార్లు పూర్తిగా ఊగుతుందో, ఈ చివర నుంచి ఆ చివరకు ఎంత వెడల్పున ఊగుతుందో గుణించి, చేప వేగంతో భాగించాలి. హాయిగా ఈదే జలచరాల్లో ఇది ఎక్కువగా 0.2కీ 0.4కీ మధ్య ఉంటుంది.

45 సెంటీమీటర్ల రోబో చేపను తీసుకుందాం. నిజమైన చేపల్లో తోక ఊపు వెడల్పు ఒంటి పొడవులో ఐదో వంతు ఉంటుంది, అంటే ఇక్కడ 9 సెంటీమీటర్లు. సెకనుకు 2 ఊపులు. అంత పొడవున్న చేప ఒక్కో ఊపుకు ఒంటి పొడవులో 0.6 వంతు ముందుకు పోతుందనుకుంటే సెకనుకు 54 సెంటీమీటర్లు. అప్పుడు 2 × 9 ÷ 54 = 0.33. అదే తోక, అదే ఊపుతో రోబో సెకనుకు 20 సెంటీమీటర్లే పోతే 18 ÷ 20 = 0.9. ఊపులో ఎక్కువ భాగం పక్కలకు పోతోందన్నమాట.

ఇక్కడ చాలామంది తోకను ఇంకా వేగంగా కొట్టిస్తారు. చేప కాస్త వేగంగా పోతుంది, కానీ సంఖ్య దాదాపు కదలదు. తోక ఇచ్చే తోపు, ఒంటికి తగిలే నిరోధం రెండూ వేగపు వర్గంతోనే పెరుగుతాయి కాబట్టి నిష్పత్తి అక్కడే నిలబడుతుంది. 0.9 దిగాలంటే వేరే చోట చూడాలి. తోక రెక్క చిన్నదా, కీళ్ల మధ్య సందుల్లోంచి నీరు ఇటు నుంచి అటు జారిపోతోందా, పైకి లేచిన స్క్రూలు, వేలాడే తీగ నిరోధం పెంచుతున్నాయా, అల సరిగా ప్రయాణిస్తోందా?

తల ఊగడం కూడా ఈ లెక్కలోదే. తోకకు ముందు భాగాన్ని సన్నగా చేసి, ముందు ఒంటిని ఎత్తుగా, బరువుగా ఉంచితే తల ఊపు తగ్గుతుంది. వేగంగా ఈదే చేపల ఆకారం అలా ఉండడానికి కారణాల్లో ఇదొకటి. బ్యాటరీని ముందుకు జరపడం, వీపు మీద నిలువు రెక్క పెట్టడం అన్నిటికన్నా చవకైన మార్పులు.

## మూడు కీళ్ల తోక, మూడు సర్వోలు

మన చేపలో వెనక సగం 22.5 సెంటీమీటర్లు. మూడు కీళ్లంటే ఒక్కో ముక్క 7.5 సెంటీమీటర్లు. అల పొడవు ఒంటి పొడవంతే, అంటే 45 సెంటీమీటర్లు అనుకుంటే ఒక్కో కీలు ముందుదాని కన్నా 7.5 ÷ 45 × 360 = 60 డిగ్రీలు వెనకబడాలి. సెకనుకు 2 ఊపులైతే ఒక ఊపు 500 మిల్లీసెకన్లు, కాబట్టి ఆలస్యం సుమారు 83 మిల్లీసెకన్లు. ఇది మొదలుపెట్టడానికి సరిపోయే అంకె మాత్రమే. కీలు తిరిగే కోణం, ఒళ్లు పక్కకు జరిగే దూరం ఒకటి కావు గనక ముక్కల చివరలు కోరుకున్న వంపు మీద పడేలా కోణాలను మళ్లీ సరిచూడాలి. ఆలస్యం సున్నా అయితే తోక పలకలా ఊగుతుంది. ఆలస్యం గుర్తు పొరపాటున తిరగబడితే అల వెనక నుంచి ముందుకు వస్తుంది, చేప వెనక్కి ఈదుతుంది.

తర్వాతి అడ్డంకి సర్వో వేగం. సర్వో అంటే చెప్పిన కోణానికి తిరిగి నిలిచే చిన్న మోటారు, ఒక్కో కీలుకు ఒకటి. ల్యాబుల్లో బాగా కనిపించే ఎంజీ996ఆర్ అనే సర్వో 6 వోల్టుల వద్ద 60 డిగ్రీలు తిరగడానికి 0.14 సెకన్లు తీసుకుంటుంది, అంటే సెకనుకు సుమారు 428 డిగ్రీలు. అటు 20, ఇటు 20 డిగ్రీలు ఊగే కీలుకు నడిమధ్యలో కావలసిన గరిష్ఠ వేగం 2 × 3.14 × ఊపుల సంఖ్య × 20. సెకనుకు 2 ఊపులైతే 251, మూడైతే 377, నాలుగైతే 503. నాలుగు కుదరదని వెంటనే తెలుస్తుంది. మూడు కుదిరేటట్టు కనిపిస్తుంది గానీ ఆ 428 బరువు లేనప్పటి అంకె. నీటిని తోస్తూ ఆ వేగం రాదు. సర్వో వెనకబడినా ప్రోగ్రాముకు తెలియదు, అది 20 డిగ్రీలు పంపుతూనే ఉంటుంది, తోక 11 డిగ్రీల దగ్గరే వెనుదిరుగుతుంది. పైనుంచి కెమెరా పెట్టి తోక కొన మీద వేసిన చుక్కను ఫ్రేము ఫ్రేముకూ గుర్తిస్తే తప్ప ఇది బయటపడదు. ఈ రికార్డింగ్ చేయకుండా వేసే గ్రాఫులను నమ్మడానికి లేదు.

బల్ల మీద బాగా నడిచి నీళ్లలో ప్రతి కొన్ని సెకన్లకూ ఆగిపోయే చేప ఇంకొక పరిచిత సమస్య. అందరూ ప్రోగ్రాములో తప్పు వెతుకుతారు. తప్పు సాధారణంగా కరెంటులో ఉంటుంది. ఈ సర్వో పూర్తిగా ఇరుక్కున్నప్పుడు 2.5 ఆంపియర్ల దాకా లాగుతుంది. దిశ మారే క్షణంలో మూడూ కలిసి ఆ స్థాయికి దగ్గరగా పోతే 7.5 ఆంపియర్లు. వోల్టేజీ కుంగి కంట్రోలర్ మళ్లీ మొదటి నుంచి లేస్తుంది. సర్వోలకు వేరే రెగ్యులేటర్, అన్నిటికీ ఒకే గ్రౌండ్, సర్వోల దగ్గర 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్, మొదటి రెండు మూడు ఊపుల్లో కోణాన్ని మెల్లగా పెంచడం. ఈ నాలుగూ చేశాక చాలావరకు ఆ జబ్బు పోతుంది.

## కీళ్ల తోకా, మెత్తటి తోకా?

కీళ్ల తోకను సమర్థించేవారు చెప్పేది బలమైన మాటే: అల ఆకారం, ఆలస్యం, కోణం అన్నీ మన చేతుల్లో ఉంటాయి, ఒక్కోటీ మార్చి ప్రభావం కొలవచ్చు. మెత్తటి తోకను సమర్థించేవారి వాదనా అంతే బలమైనది: ఒక్క మోటారు చాలు, సీల్ చేయాల్సిన కీళ్లు తగ్గుతాయి, వంపు పని నీరూ పదార్థమూ కలిసి చేసుకుంటాయి. 2006లో వెలువడిన ఒక ప్రయోగం రెండో వాదనకు గొప్ప ఆధారం. ప్రవాహంలో ఒక అడ్డు పెట్టి, దాని వెనక చనిపోయిన ట్రౌట్ చేపను ఉంచితే, సుడుల తాకిడికి ఒళ్లు ఊగుతూ అది ఎదురు ప్రవాహంలో ముందుకు కదిలింది. కండరం పనిచేయలేదు, ఒంటి మెత్తదనమే ఆ పని చేసింది.

అయితే మెత్తదనం ఎంతో తేల్చడం సున్నితమైన వ్యవహారం. పలుచటి పలక వంపును తట్టుకునే శక్తి మందం ఘనంతో పెరుగుతుంది. 2 మిల్లీమీటర్ల తోక రెక్కను 3 చేస్తే ఒకటిన్నర రెట్లు కాదు, దాదాపు 3.4 రెట్లు గట్టిపడుతుంది. మరీ మెత్తగా ఉంటే కొన వెనకబడి మడుచుకుపోతుంది, మరీ గట్టిగా ఉంటే తలుపు పలకే. పైగా ఒక ఊపు వేగానికి కుదిరిన గట్టిదనం ఇంకో వేగానికి కుదరదు. వర్జీనియా విశ్వవిద్యాలయంలో 2021లో ప్రకటించిన పని సరిగ్గా దీనిమీదే: తోక బిగువు ఈత వేగపు వర్గంతో పాటు పెరగాలని అది చూపింది. నిజమైన చేప కండరం బిగించి ఈ పని చేసుకోగలదు. అచ్చుపోసిన సిలికోన్ చేయలేదు.

అచ్చుపోతలోనూ తెలియక చెడేవి ఉన్నాయి. ల్యాబుల్లో వాడే ప్లాటినం రకం సిలికోన్ రెండు భాగాలుగా వస్తుంది, చాలా రకాలను సమానంగా కలపాలి. లేటెక్స్ చేతితొడుగుల్లోని గంధకం తగిలినా, సరిగా ఆరని రెజిన్ ప్రింటు అచ్చులో పోసినా ఆ ముఖం ఎన్నాళ్లకీ జిగటగానే ఉండిపోతుంది. నైట్రిల్ తొడుగులు, పీఎల్ఏ ప్లాస్టిక్‌తో ప్రింట్ చేసిన అచ్చు ఈ ఇబ్బంది పెట్టవు. కలిపాక వ్యాక్యూమ్ గదిలో బుడగలు తీసేటప్పుడు మిశ్రమం పొంగుతుంది కాబట్టి గిన్నె మూడు నాలుగు రెట్లు పెద్దది ఉండాలి. బుడగలు మిగిలిపోతే తోక ఒక పక్క మెత్తబడుతుంది, చేప ఎప్పుడూ ఒకవైపే తిరుగుతూ పోతుంది.

## తేలకుండా, మునగకుండా

చేప మొత్తం తోసే నీటి పరిమాణం 1.8 లీటర్లు, బరువు 1.45 కిలోలు అనుకుందాం. మంచినీటిలో నిలకడగా ఉండాలంటే ఇంకా 350 గ్రాములు కావాలి. ఆ సీసం పెట్టె లోపల పెడితే 350 గ్రాములే. పొట్ట కింద బయట కడితే సీసం కూడా కొంత నీటిని తోస్తుంది గనక 384 గ్రాములు కావాలి. లీటరు 1025 గ్రాములు తూగే సముద్రపు నీటికి వెళితే లోపలే మరో 45 గ్రాములు చేర్చాలి. బరువు పొట్ట కిందే ఉండాలి. గరిమనాభి పైకి పోతే చేప వెల్లకిలా తిరుగుతుంది, లేదా ప్రతి తోక ఊపుకూ పక్కలకు దొర్లుతుంది.

తొక్క కింద చిక్కుకున్న గాలి ఈ లెక్కను పాడుచేస్తుంది. మెత్తటి తొక్క లోపల 50 మిల్లీలీటర్ల గాలి ఉంటే 5 మీటర్ల లోతున అది 33కి కుంచించుకుపోతుంది. అంటే పైన నిలకడగా ఉన్న చేప అక్కడ సుమారు 17 గ్రాములు బరువెక్కుతుంది. దిగేకొద్దీ ఇంకా బరువెక్కి ఇంకా దిగుతుంది. గాలితిత్తి ఉన్న నిజమైన చేపలదీ ఇదే తిప్పలు, అవి తిత్తిలో గాలిని సర్దుకుంటాయి. రోబోకు సిరంజి లాంటి పిస్టన్ పెట్టడం ఒక దారి. తొక్క లోపల గాలికి బదులు నీటినే నింపి, గాలిని గట్టి పెట్టెకే పరిమితం చేయడం ఇంకా సులువైన దారి.

## నీరు ఏ దారిన వస్తుంది

ప్రింట్ చేసిన పీఎల్ఏ పెట్టె పైకి గట్టిగా కనిపించినా పొరల మధ్య సన్నటి దారులుంటాయి. లోపలా బయటా ఎపాక్సీ పూత అవసరం. మూత సందును మూసే రబ్బరు వలయం (ఓ-రింగ్) కూర్చునే గాడిని ప్రింటులోనే వదిలేస్తే పొరల గీతలు నీటికి కాలువలవుతాయి, ఆ ముఖాన్ని నున్నగా రుద్దాలి. తిరిగే ఇరుసు దగ్గరి సీల్ అరుగుతుంది, కాబట్టి అక్కడ గ్రీజు, దానిపై మెత్తటి తొడుగు ఉండడం మేలు.

అందరూ మరిచిపోయే దారి తీగ. అనేక పోగులున్న రాగి తీగ బయటి చివర తడిస్తే, పోగుల మధ్య నుంచి నీరు కేశనాళిక చర్యతో ఇన్సులేషన్ లోపలే పాకుతూ పెట్టెలోకి చేరుతుంది. సీల్ చెక్కుచెదరదు, సర్క్యూట్ మాత్రం తడుస్తుంది. గోడ దాటే చోట కొంత మేర ఇన్సులేషన్ తీసి, పోగులను సోల్డర్‌తో నింపి, ఎపాక్సీలో ముంచేస్తే ఆ దారి మూసుకుపోతుంది. వెచ్చటి గదిలో మూత బిగించి చల్లటి నీటిలో వేసినా ముప్పే. లోపలి గాలి కుంచించుకుని బయటి నీటిని లాగుతుంది. మూత బిగించాక చేతి పంపుతో లోపల కొద్దిగా వ్యాక్యూమ్ చేసి, 15 నిమిషాలు గేజి ముల్లు కదలకుండా ఉందో చూడడం నీటి బొట్టు లేకుండా చేసే మంచి పరీక్ష. లిథియం బ్యాటరీ ఉన్న చోట దీన్ని దాటవేయడం ప్రమాదం.

నీటిలో అదుపు గురించి క్లుప్తంగా. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలు కొద్ది సెంటీమీటర్లలోనే నీటిలో ఇంకిపోతాయి. అందుకే సోఫీ శబ్దంతో ఆజ్ఞలు తీసుకుంది, హార్వర్డ్ వారి బ్లూబాట్లనే చిన్న రోబో చేపలు నీలి దీపాలతో ఒకదాన్నొకటి గుర్తించాయి. సంబంధం తెగితే పైకి రావడం అనే నియమం చేప లోపలే ఉండాలి. దిక్సూచి సెన్సర్ తల ఊపుతో పాటే ఊగుతుంది, అందుకే సరిగ్గా ఒక తోక ఊపు కాలానికి సగటు తీస్తేనే అసలు దిశ తెలుస్తుంది.

## ప్రొపెల్లర్ కన్నా మేలా?

1936లో బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త జేమ్స్ గ్రే ఒక చిక్కు లెక్క ముందుపెట్టాడు. డాల్ఫిన్ సెకనుకు 10 మీటర్లు పోవాలంటే దాని కండరాలకు ఉందనుకున్న శక్తికి ఏడు రెట్లు కావాలని తేలింది. అంటే నిరోధాన్ని తగ్గించే రహస్యమేదో దానికి ఉండాలి. తర్వాత తెలిసింది ఏమిటంటే, కొద్దిసేపటి పరుగుల్లో కండరం గ్రే అనుకున్నదానికన్నా చాలా ఎక్కువ శక్తి ఇవ్వగలదు. రహస్యం అవసరం లేకపోయింది. అయినా చర్చ ముగియలేదు. ఊగే ఒంటి మీద నీటి పొర పలుచబడి రాపిడి పెరుగుతుందని కొందరి అంచనా. రోబోట్యూనాను బిగుసుగా లాగినప్పటికన్నా అది ఊగుతూ పోయినప్పుడు తక్కువ శక్తి పట్టిందని ఎంఐటీ బృందం 1999లో ప్రకటించింది. రెండు పక్షాలూ రాజీపడకపోవడానికి లోతైన కారణం ఉంది. ప్రొపెల్లర్ పడవలో తోసేది వేరు, నిరోధం తగిలే పడవ ఒళ్లు వేరు. చేపలో రెండూ ఒకే ఒళ్లు. నిలకడగా ఈదే చేపపై తోపూ నిరోధమూ సమానమై మొత్తం సున్నా అవుతుంది, వాటిని విడదీసి సామర్థ్యం ఇంత శాతం అని చెప్పడానికి అందరూ ఒప్పుకునే పద్ధతి లేదు.

అందుకే ప్రయాణ ఖర్చును కొలవడం నిజాయితీగా ఉంటుంది. 1.8 కిలోల చేప 7.4 వోల్టుల వద్ద 1.2 ఆంపియర్లు తీసుకుంటూ సెకనుకు 0.3 మీటర్లు పోతే, ఖర్చు 8.9 వాట్లు. కిలోను మీటరు తీసుకెళ్లడానికి సుమారు 16.4 జౌళ్లు. తోక ఆపి ఉంచినా సర్వోలు, కంట్రోలర్ కలిసి 2.5 వాట్లు తింటుంటే అది తీసేశాక 11.8 జౌళ్లు. ఏ అంకె వేశారో చెప్పకపోతే రెండు రోబోలను పోల్చడం కుదరదు. నా అంచనాలో, చదును నీటిలో తిన్నగా దూరాలు పోవడానికి ఈ రోజు దొరికే మంచి ప్రొపెల్లరును ఓడించడం విద్యార్థుల రోబో చేపకు దాదాపు అసాధ్యం. ఇరుకు మలుపులు, ప్రొపెల్లరుకు చుట్టుకునే నాచు, జలచరాలను బెదరగొట్టకూడని చోట్లు ఉంటే లెక్క మారుతుంది.

వేగాన్ని సెకనుకు ఇన్ని ఒంటి పొడవులని చెప్పే అలవాటునూ ఇలాగే విప్పి చూడాలి. 10 సెంటీమీటర్ల చేప, మీటరు చేప రెండూ "సెకనుకు ఒక ఒంటి పొడవు" అంటే మొదటిది సెకనుకు 10 సెంటీమీటర్లు, రెండోది మీటరు పోతున్నాయి. నీటి జిగటతో పోలిస్తే జడత్వం ఎంత ఎక్కువో చెప్పే రేనాల్డ్స్ సంఖ్య మొదటిదానికి సుమారు 10 వేలు, రెండోదానికి 10 లక్షలు. రెండింటి చుట్టూ నీరు ఒకేలా ప్రవర్తించదు. కొలిచిన చోటు కూడా ముఖ్యం. 3 మీటర్ల తొట్టిలో 45 సెంటీమీటర్ల చేపకు వేగం పుంజుకోవడానికే మొదటి మీటరు పోతుంది, చివరి అర మీటరులో గోడ తగులుతుంది. మిగిలిన ఒకటిన్నర మీటరులోనే కొలత తీయాలి. చేప నీటి పైముఖానికి దగ్గరగా ఈదితే శక్తి అలలు లేపడానికి పోతుంది. తర్వాతి పరుగుకు ముందు పాత సుడులు అణిగేదాకా కొన్ని నిమిషాలు ఆగకపోతే, రెండో పరుగులో కొలిచేది చేపను కాదు, మొదటి పరుగు మిగిల్చిన నీటిని.